ముప్ఫై ఒకటో పేజీలో అమ్మాయి

కుక్కుటేశ్వరరావు గారి దుకాణం కువైట్‌లో, అబ్బాసియాలో ఒక మందుల షాపుకీ ఒక దర్జీ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఎండలో ఉండాల్సిందే. రెండు జిరాక్స్ మిషన్లు, ఒక కంప్యూటరు, గోడ మీద ఫారాల నమూనాలు, వాటి మధ్య పిఠాపురం గుడి క్యాలెండరు. పక్క కొట్టు మలయాళీలు ఆయన్ని రావ్ సార్ అనేవారు. కడప నుంచి, రాయచోటి నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు రావన్నా అనేవారు. ఆ పేరు మొత్తం పలికింది పాస్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా ఒక్కడేననీ, వాడూ మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగాడనీ ఆయనే చెప్పేవారు.

నేను దజీజ్‌లో ఒక గోదాములో పనిచేస్తాను. శుక్రవారం పూట ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చోవడం పదకొండేళ్ళ అలవాటు. ఆయన చెప్పేవారు, నేను వినేవాణ్ణి. ఇందులో చాలావరకు అలా విన్నదే. చివర్లో కొంత కళ్ళారా చూసింది.

ఆయనది పిఠాపురం. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైపు హయ్యరు పాసై, కొన్నాళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి నేర్పి, తొంభై మూడులో కువైట్ వచ్చారు. యుద్ధం అయిపోయి రెండేళ్ళు. ఇఖామాలనే నివాస పర్మిట్లు, వీసా కాగితాలు, ఫిర్యాదులు, సెలవు చీటీలు, ఏదైనా సరే టైపు కొట్టి ఇచ్చేవారు. తరవాత మిషన్లు వచ్చాయి. ముప్ఫై రెండేళ్ళు అదే వీధిలో, అదే కుర్చీలో.

ఆ పుస్తకం ఆయన చేతికి వచ్చింది తొంభై ఆరులో. పని ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళిపోతున్న ఒకావిడ టికెట్టు కాపీ తీయించుకోవడానికి వచ్చింది. టికెట్టు నలక్కుండా ఒక చిన్న పుస్తకంలో పెట్టుకుని తెచ్చింది. మూడేళ్ళుగా ఫారాలు తప్ప తెలుగు అచ్చు చూడని మనిషి కదా, టికెట్టు పక్కన పెట్టేసి పుస్తకం చదువుతూ నిలబడిపోయారట. వెనక వరసలో జనం గోల పెట్టారు. ఆవిడ నవ్వి, ఉంచుకో అన్నా, నేను పోయే చోట అందరూ తెలుగే మాట్లాడతారు అని ఇచ్చేసి వెళ్ళిపోయింది.

పుస్తకం పేరు ‘ఇంటి అరబ్బీ’. నలభై ఎనిమిది పేజీలు, అరచేతి కంటే కొంచెం పెద్దది. పేరు కింద ‘మ. బీ, రాయచోటి తాలూకా’ అని, దాని కింద 1988 అని, వెనక అట్ట మీద కడపలో ఎప్పుడో మూతపడిన ఒక ప్రెస్సు పేరు. ఇంకే వివరమూ లేదు.

అరబ్బీ నేర్పే పుస్తకాలు ఆయన అంతకు ముందు చూడకపోలేదు. అవి అంకెలతో మొదలై రంగులు, వారాలు, పండ్ల పేర్లతో సాగుతాయి. ఇది అలా కాదు. గదుల వారీగా ఉంటుంది. వంటిల్లు, స్నానాల గది, పిల్లల గది, మేడమెట్లు, ఆ తరవాత ఆసుపత్రి, విమానాశ్రయం. ప్రతి గదిలోనూ ఇంటావిడ ఏమంటుందో ముందు ఉంటుంది, దానికి మనం ఏమనాలో తరవాత ఉంటుంది. మామా అంటే ఆ ఇంటావిడే. మామా కేకేస్తే ఏమనాలి, మామా నవ్వితే ఏమనాలి. ‘మామా ఏమీ మాట్లాడకపోతే’ అని ఒక శీర్షిక. దాని కింద ఒక్క అరబ్బీ ముక్క లేదు. ‘నువ్వు కూడా మాట్లాడొద్దు. పని చేసుకో’ అని ఉంటుంది, అంతే.

“ఇది పుస్తకం కాదు తమ్ముడూ,” అనేవారు రావు గారు. “ఒక ఇంట్లో ఏళ్ళ తరబడి చెవులు రిక్కించి నిలబడ్డ మనిషి.”

ఆ పుస్తకాన్ని ఆయన ఒక పాత ఎక్స్‌రే కవర్లో పెట్టి సొరుగులో దాచారు. దాని నుంచి శ్రద్ధగా ఒక కాపీ తీసుకున్నారు. దాన్ని తల్లి కాపీ అనేవారు. అడిగిన వాళ్ళకల్లా ఆ తల్లి కాపీ నుంచే తీసి, మధ్యకి మడిచి, రెండు పిన్నులు కొట్టి ఇచ్చేవారు. ఏళ్ళు గడిచి తల్లి కాపీ మసకబారితేనే అసలుది బయటికి వచ్చేది. ఇరవై తొమ్మిదేళ్ళలో అసలు పుస్తకం మిషన్ అద్దం మీద పడుకున్నది ఆరుసార్లేనట. ఎన్ని కాపీలు వెళ్ళాయో మాత్రం ఆయనకి తెలీదు. అవి ఇళ్ళల్లో బియ్యం డబ్బాల్లోనూ, ఇస్త్రీ బల్ల గుడ్డ కిందా, తలగడ గలీబుల్లోనూ ఉండేవి.

ఇప్పుడు ఫోన్లలో అన్నీ ఉన్నాయి కదా, ఇంకా ఈ పుస్తకం ఎవరికి అని ఒకసారి అడిగాను. ఆయన మిషన్ మూత దించి చెప్పారు. “ఫోను చేతిలో ఉన్నవాళ్ళకి అక్కర్లేదండి. వచ్చిన రోజే ఫోను తీసి దాచేస్తారు చూడండి కొన్ని ఇళ్ళల్లో, వాళ్ళకి.” తమ్ముడూ అనే మనిషి మాట బరువైనప్పుడు అండి అనేవారు.

ముప్ఫై ఒకటో పేజీ ఫోను పేజీ. ఊరికి ఫోను చేసుకోవడానికి మామాని ఎలా అడగాలో ఉంటుంది. మామా, ఒక్కసారి ఫోను చేసుకుంటాను. నా కూతురికి ఒంట్లో బాగాలేదు. ఆ కింద, బింతీ ఇస్మహా దిల్షాద్, ఉమరహా సిత్ సినీన్. నా కూతురి పేరు దిల్షాద్, దానికి ఆరేళ్ళు.

అది ఉదాహరణకి పెట్టిన పేరనీ, అక్కడ తమ పిల్ల పేరు పెట్టుకోవాలనీ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. కొత్త భాష, కొత్త ఇల్లు, గుండె దడ. ఉన్నది ఉన్నట్టు బట్టీ పట్టేసేవారు. ఏ ఇంట్లో చూసినా తెలుగు పనావిడ కూతురి పేరు దిల్షాదే, వయసు ఆరేళ్ళే. రమాదేవి సంగతి అయితే ఇంకా చిత్రం. రమాదేవిది అన్నమయ్య జిల్లా, ఆమె పనిచేసే ఇంటి మామా మనసున్న మనిషి. మొదటి ఏడాది పండగకి బజారుకి వెళ్ళి ఆరేళ్ళ పిల్లకి పట్టే గులాబీ రంగు గౌను కొని, దిల్షాద్‌కి పంపమని చేతిలో పెట్టింది. ఆ మరుసటి శుక్రవారం రమాదేవి ఆ గౌను పట్టుకుని దుకాణానికి వచ్చింది.

“నాకుండేది ఇద్దరు మగపిల్లోళ్ళన్నా. ఈ గౌను ఎవరికెయ్యల్ల?”

“ఉంచమ్మా. మామాకి మాత్రం పిల్ల ఎదుగుతోందని చెప్పు. లేకపోతే మళ్ళీ ఏడాది ఇదే కొలత కొంటుంది,” అన్నారాయన. కొననే కొన్నది. రమాదేవి పెట్టెలో ఇప్పుడు ఆరేళ్ళ పిల్ల గౌన్లు నాలుగున్నాయి.

కిందటి ఏడాది మార్చిలో ఆ వీధిలో తనిఖీలు జరిగాయి. పాఠ్యపుస్తకాలకి పుస్తకాలే కాపీలు తీసి అమ్ముతున్నారని రెండు దుకాణాల మిషన్లకి సీలు వేశారు. దుకాణం లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ కువైటీ యజమాని భయపడి, పుస్తకాలు కాపీ తీయబడవు అని మూడు భాషల్లో కాగితం అతికించి వెళ్ళాడు. ఆ కాగితం టైపు కొట్టింది రావు గారే. ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. అరవై దాటిన మనిషికి ఇఖామా పొడిగించడం తన వల్ల కాదనీ, జనవరి దాకానేననీ యజమాని చెప్పేశాడు.

ఆ వారమే రమాదేవి తమ ఊరి పక్క మనిషిని ఒకామెని వెంటబెట్టుకుని వచ్చింది. పేరు పోలేరమ్మ. వచ్చి నెల కాలేదు. రమాదేవి వాళ్ళ మామా చెల్లెలి ఇంట్లో చేరింది. రమాదేవి చెబుతోంది, ఆమె తల వంచుకుని వింటోంది. అన్నా, ఆ పుస్తకమొకటి ఈమెకియ్యి. రావు గారు గోడ మీది కాగితం వైపు చూశారు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ పుస్తకం కోసం వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపడం అదే మొదలు. పోలేరమ్మ కాసేపు నిలబడి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం ఆయన టీ తాగలేదు. దొంగ కాపీ నేను తీసినంత కాలం తీశాను, ఇక దీన్ని దొర కాపీగా అచ్చు వేయించి వెళ్ళాలి అన్నారు. జనవరికి పది నెలలుంది.

దజీజ్‌లో మా గోదాము వెనక వరసలో ఒక అచ్చు ప్రెస్సు ఉంది. దానికి సూపర్‌వైజరు వీరేంద్ర, అమలాపురం దగ్గరి అతను. నేనే తీసుకెళ్ళాను. వీరేంద్ర పుస్తకాన్ని చేతి రుమాలు మీద పెట్టుకుని ప్రతి పేజీ తిప్పి చూశాడు. ఖర్చు ఆలోచించొద్దండి, మా వాళ్ళం నలుగురం చూసుకుంటాం, వెయ్యి కాపీలు వేద్దాం అన్నాడు. అని, రాసినావిడ అనుమతి కాగితం తెమ్మన్నాడు.

“ఆవిడ ఎవరో తెలిస్తే కదండీ,” అన్నారు రావు గారు.

అప్పుడు వీరేంద్ర విడమరిచి చెప్పాడు. రాసిన మనిషి బతికున్నంత కాలం పుస్తకం వాళ్ళది. పోయాక కూడా ఇక్కడ యాభై ఏళ్ళు, మన దేశంలో అరవై ఏళ్ళు వాళ్ళ వారసులది. ఆ తరవాత అందరిదీ. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు.

రావు గారు వేళ్ళు మడిచి ఆగిపోయారు. ఎక్కడినుంచి లెక్కపెట్టాలి? ఆవిడ పోయిందో ఉందో తెలీదు. ఉంటే వెతకాలి, పోతే ఎప్పుడు పోయిందో తెలియాలి, అది చెప్పడానికైనా వారసులు దొరకాలి. పుస్తకం ఎవరిదో తెలీని పాపానికి ఎవరికీ కాకుండా పోతోందన్నమాట అన్నారు. వీరేంద్ర తల ఊపాడు. ఇలాంటివి చాలా ఉన్నాయండి, అడిగే దిక్కు లేక అచ్చు కానివి. మా ప్రెస్సుకే ఏడాదికి నాలుగైదు వస్తాయి, తిప్పి పంపేస్తాం.

నేను ఆ రాత్రుళ్ళు ఈ చట్టం గురించి కొంత చదివాను, నాకు అర్థమైనంత. ఒక మనిషి కష్టం ఊరికే పోకూడదని, ఆ మనిషి పిల్లలకి ఏదైనా దక్కాలని పెట్టిన నియమం. అందులో తప్పేముంది? కాకపోతే ఆ కాలం మనిషి జీవితం కంటే పొడుగ్గా ఉంది. పుస్తకం కావలసినవాళ్ళు ఈలోగా పుట్టి, పనికి వచ్చి, తిరిగి వెళ్ళిపోతున్నారు.

వెతకడానికి మా దగ్గర ఉన్నవి రెండే. ‘మ. బీ’ అనే పొడి అక్షరాలు, ముప్ఫై ఒకటో పేజీలో అమ్మాయి. ఆ పేరు ఉత్తినే పెట్టింది కాకపోవచ్చని రావు గారికి మొదటిసారి అనిపించింది. ఎనభై ఎనిమిదిలో ఆరేళ్ళంటే ఇప్పుడు నలభై మూడు. దుకాణానికి వచ్చిన ప్రతి రాయచోటి మనిషినీ అడగడం మొదలుపెట్టారు. దిల్షాద్ అనే పేరు ఆ వైపు కొత్త కాదు. ముగ్గురు దొరికారు, ముగ్గురూ కాదు. అసలు వెతుకులాట నడిపింది రమాదేవి. నలుగురు కూడిన చోటల్లా, బస్సులో, ఆసుపత్రి వరసలో, తన గౌన్ల కథ చెప్పేది. అందరూ నవ్వేవారు.

నవంబరులో ఫహాహీల్‌లో ఒక క్లినిక్కులో మామా కోసం మందుల వరసలో కూర్చుని ఆ కథే చెబుతుంటే, పక్కన కూర్చున్న ఒకామె నవ్వలేదు. కథ అయ్యేదాకా ఊరుకుని, ఆ పుస్తకం యాడుంది అని అడిగింది. ఫహాహీల్‌లోనే ఒక ఇంట్లో వంట చేస్తుంది. పేరు దిల్షాద్ బీ. తల్లి మస్తాన్ బీ.

మరుసటి శుక్రవారం ఆమె వచ్చింది. సముద్రం ఒడ్డు రోడ్డు మీద గంట బస్సు ప్రయాణం. నల్లటి బురఖా, చేతిలో చిన్న సంచి. రావు గారు షట్టరు సగానికి దించి, కుర్చీ ఆమెకిచ్చి తాను నిలబడ్డారు. ఎక్స్‌రే కవరులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు.

ఏడో తరగతి దాకా చదువుకున్నానని చెప్పింది. వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, వంటిల్లు దాటి, పిల్లల గది దాటి. నేను మిషన్ పక్కన నిలబడి చూస్తున్నాను. ముప్ఫై ఒకటో పేజీ దగ్గర వేలు ఆగింది. అక్కడే ఉండిపోయింది.

తరవాత చెప్పింది. అమ్మ కువైట్‌కి పోయేటప్పటికి నాకు రెండేండ్లు. నాకు ఆరేండ్లప్పుడు నెల రోజులు సెలవు మీద వచ్చినాది. ఆ నెలలో సగం దినాలు తెల్లారక ముందే లేచి కడప బస్సెక్కి పోయేది. నేను ఏడ్చేదాన్ని. మా నాయన తిట్టేవాడు. కడపలో ఏం పనో మాకెవరికీ చెప్పలేదు. పోయే రోజు పెట్టె ఎత్తలేకపోయినారు, అంత బరువు. బట్టలనుకున్న్యాం.

“ఈ పుస్తకాలా అవి?” అంది.

రావు గారు తల ఊపారు. ఐదువందలు ఉండి ఉంటాయి. ఒక్కటి కూడా ఇంట్లో ఉంచలేదు ఆ తల్లి. ఉంచితే ఇక్కడ ఒక మనిషికి తగ్గుతుందనుకుందేమో. రెండేళ్ళకి యుద్ధం వచ్చి, అందరితో పాటు చేతి సంచితో తిరిగి వచ్చేసింది. మళ్ళీ ఎప్పుడూ ఈ దేశం గురించి నోరెత్తలేదట. రెండువేల ఒకటిలో చనిపోయింది.

“ఎంతమందికి ఇచ్చినావన్నా?” అని అడిగింది దిల్షాద్ బీ.

“లెక్క పెట్టలేదమ్మా.”

“అంతమందీ నా పేరు చెప్పి ఇంటికి ఫోన్లు చేసుకున్నారు. నాకు ఆరేండ్లప్పుడు మాయమ్మ ఫోను ఒకే ఒకసారి వచ్చినాది.”

రావు గారు చేతులు కట్టుకున్నారు. నిన్ను అడక్కుండా ఇన్నేళ్ళు తీశానమ్మా, తప్పు నాదే అన్నారు. అప్పుడు సంతకం సంగతి ఎత్తారు. టైపు కొట్టిన కాగితం ముందే సిద్ధంగా ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“కాగితాల మీద నేను సంతకాలు చెయ్యనన్నా. మా నాయన ఒక కాగితం మీద వేలిముద్ర వేసినాడు. దాంతోనే మాయమ్మ కువైట్‌కి పోయినాది.”

పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి పెట్టి, కాసేపుండి లేచి వెళ్ళిపోయింది. పుస్తకం ఇమ్మని కూడా అడగలేదు. నేను ఆయన్ని తొందరపెట్టాను, ఫోను చేద్దాం, రమాదేవి చేత చెప్పిద్దాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “ముప్ఫై ఏడేళ్ళు ఆ పిల్లని ఎవరూ అడగలేదండి. ఇప్పుడు రెండు వారాలు ఆలోచించుకోనివ్వరా?”

మూడో శుక్రవారం ఆమె మళ్ళీ వచ్చింది. చెప్పకుండా వచ్చింది. లోపల వేరే మనుషులుంటే బయట ఎండలో తన వంతు వచ్చేదాకా నిలబడింది. లోపలికొచ్చి కాగితం అడిగి తీసుకుని, రెండుసార్లు చదివింది. ఒక్కటే షరతు పెట్టింది. అట్ట మీద మ. బీ అని కాదు, మస్తాన్ బీ అని పూర్తి పేరు ఉండాలి. అంతకు మించి ఏదీ అడగలేదు. సంతకం పెట్టి, కలం మూత పెట్టి, జాగ్రత్తగా ఆయన చేతికిచ్చింది.

ఆ రోజు రావు గారు దర్జీ కొట్టుకి కూడా టీ తెప్పించారు.

మర్నాడే వీరేంద్ర దగ్గరికి వెళ్ళాం. కాగితం చూసి సంతోషించాడు. ఆవిడకి ఇంకా తోబుట్టువులున్నారా అని అడిగాడు. ఉన్నాడు, ఒక అన్న. లారీ డ్రైవరుగా సౌదీ వెళ్ళాడు. పన్నెండేళ్ళుగా జాడ లేదు. ఉన్నాడో లేడో ఇంట్లోవాళ్ళకే తెలీదు. వీరేంద్ర కలం కింద పెట్టేశాడు. అతనిది కూడా కావాలండి. చనిపోయాడంటే ఆ కాగితం కావాలి, అతని పిల్లలవి కావాలి. ప్రెస్సు వకీలు ఒప్పుకోడు. సగం అనుమతి మీద పుస్తకం వేయలేం.

“పోనీ బేసి పేజీలు వేసెయ్యండి మరి,” అన్నారు రావు గారు.

వీరేంద్ర నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు. తిరిగి వచ్చాక ఆయన దుకాణం తాళం తీస్తూ అన్నారు. “ఇప్పుడు లెక్క తెలిసింది తమ్ముడూ. ఆవిడ పోయింది రెండువేల ఒకటి. ఇక్కడ యాభై రెండులో, మన దగ్గర అరవై రెండులో అందరిదీ అవుతుంది. యాభై రెండుకి నాకు తొంభై. దిల్షాద్‌కి డెబ్భై.” తాళం చేత్తో పట్టుకుని ఆగారు. “పుస్తకంలో మాత్రం ఆరే.”

ఆ అన్న కోసం తెలిసిన వాళ్ళనల్లా అడిగాం. సౌదీలో రెండు తెలుగు సంఘాలకి రాశాం. డిసెంబరు అయిపోయింది.

కాపీ తీసి ఇచ్చేద్దాం, ఎవరు చూడొచ్చారు అని నేను ఒకసారి అన్నాను. మిషన్ పక్కనే ఉంది, పుస్తకం చేతిలో ఉంది. ఆయన నన్ను కోప్పడలేదు. తెలీనంతకాలం తీశాను, ఇప్పుడు ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని షరతు పెట్టి సంతకం చేసింది కదా అన్నారు. అట్ట మీద పూర్తి పేరు లేని కాపీ ఇక తన చేత్తో తీయలేనన్నారు.

జనవరి రెండో వారంలో ఆయన ప్రయాణం. ముందు రోజు దిల్షాద్ బీని రమ్మని కబురు పెట్టి, ఎక్స్‌రే కవరుతో సహా పుస్తకం ఆమె చేతిలో పెట్టారు. మసకబారిన తల్లి కాపీలు ఆరూ కూడా ఇచ్చేశారు. తన కోసం ఒక్కటీ ఉంచుకోలేదు. నేను పోయే చోట అందరూ తెలుగే మాట్లాడతారమ్మా అన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట తను విన్న మాటే. ఆమెకి ఆ సంగతి తెలీదు. విమానాశ్రయం పేజీ తీసి చూపించి, రేపు ఇది చెప్పాలన్నా అని ఆయన చేత రెండుసార్లు పలికించింది. ముప్ఫై రెండేళ్ళున్న మనిషి బుద్ధిగా పలికారు.

ఆ తరవాత జరిగింది మేమెవరమూ అనుకోనిది. ఫిబ్రవరిలో దిల్షాద్ బీ సూరాయమ్మ గారి మెస్సుకి వచ్చింది. సూరాయమ్మ గారిది ముమ్మిడివరం, అబ్బాసియాలో మా అందరి భోజనం ఆవిడ దగ్గరే. శుక్రవారం పొద్దున్న భోజనాలు మొదలయ్యేలోగా ఒక గంట వెనక గది ఇస్తారా అని అడిగింది. సూరాయమ్మ గారు, కూరలు తరిగే చోటు అదేనమ్మా, కూర్చున్నవాళ్ళు తలో కత్తీ పట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు అన్నారు.

అలా నడుస్తోంది. సెలవు దొరికిన వాళ్ళు ఆరుగురో ఏడుగురో వస్తారు. దొరకని వాళ్ళ కోసం వచ్చినవాళ్ళు నేర్చుకుని వెళతారు. పుస్తకం ఒక్కటే. అది దిల్షాద్ బీ ఒళ్ళో ఉంటుంది. ఆమె చదువుతుంది, వాళ్ళు బెండకాయలు తరుగుతూ పలుకుతారు. మామా కేకేస్తే, మామా నవ్వితే. కాగితం మీద ఏదీ ఎక్కదు. చదివి వినిపించడం గురించి చట్టం ఏమంటుందో నాకు తెలీదు. వీరేంద్రని నేను అడగలేదు, అతనూ శుక్రవారం అక్కడే భోంచేస్తాడు గానీ వెనక గది మాట ఎత్తడు.

నాలుగో వారం నేను ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని వింటున్నాను. ఫోను పేజీకి వచ్చారు. దిల్షాద్ బీ చదవడం ఆపి, ఇక్కడ ఎవరి బిడ్డ పేరు వాళ్ళు చెప్పుకోవల్ల, వయసు కూడా ఎంతుంటే అంత అని చెప్పింది. ఒక్కొక్కరే పలికారు. లోపలినుంచి ఊళ్ళో ఉన్న పిల్లల పేర్లు వరసగా వినిపించాయి. రమాదేవి తన ఇద్దరు కొడుకుల పేర్లూ చెప్పి, నాలుగు గౌన్లు వృథా అయిపోయినాయి అంది. అందరూ నవ్వారు.

వంతు పోలేరమ్మకి వచ్చింది. కత్తి ఆగింది. 

“నాకు పిల్లోళ్ళు లేరక్కా. నేనేం చెప్పల్ల?”

 దిల్షాద్ బీ వేలు పేజీ మీద ఎక్కడుందో నాకు కనబడదు కదా.

“నువ్వు పుస్తకంలో ఉన్నట్టే చెప్పు,” అంది.

పోలేరమ్మ చెప్పింది. బింతీ ఇస్మహా దిల్షాద్. ఉమరహా సిత్ సినీన్. ఒక్క తప్పు లేదు.

ఆ సాయంత్రం పిఠాపురానికి ఫోను చేసి రావు గారికి ఇదంతా చెప్పాను. అటునుంచి గుడి మైకు వినబడుతోంది. ఆయన చివరిదాకా విన్నారు. 

“ముప్ఫై ఒకటి దాకా వచ్చారన్నమాట,” అన్నారు. “ఇంకా పదిహేడు పేజీలున్నాయి.”